నూనెలో నీళ్లు

బర్చ్‌వేల్, సస్కాచెవాన్
అక్టోబరు 9, 2007

ఒరెస్ట్ మామయ్యకి,

ముందు నీ ఆరోగ్యం ఎలా ఉందని అడగాలి. అడిగాననే అనుకో. ఇది బండి గోడు.

నువ్వు డౌఫిన్‌లో షాపు మూసేస్తూ మాకిచ్చిన ఆకుపచ్చ ఎస్‌యూవీకి గేర్లు పాడయ్యాయి. పొద్దున్నే డ్రైవ్‌లో వేస్తే, ఏదో ఆలోచనలో పడ్డ మనిషిలా కాసేపు ఊరుకుని, తర్వాత ఉలిక్కిపడ్డట్టు కుదుపుతో కదులుతోంది. హైవే ఎక్కాక మూడో గేరు పడాల్సిన చోట ఇంజన్ ఒకటే అరుపు. బండి మాత్రం ఆ అరుపు తనది కానట్టు నింపాదిగా పోతుంది. రెండు పట్టణాల మెకానిక్కులకు చూపించాను. ఇంత పాత ఆటోమేటిక్‌ని ఎవరు ముట్టుకుంటారమ్మా, వేరేది కొనుక్కో అన్నారు ఇద్దరూ.

మా ఆయన లార్న్ సంగతి నీకు తెలుసు. రెండు కిడ్నీలూ పోయి, మంగళ, గురు, శనివారాలు సాస్కటూన్ వెళ్లి డయాలిసిస్ మీద పడుకుంటే తప్ప బతుకు లేదు. శనివారం నేను తీసుకెళతాను. మంగళ, గురువారాలు నాకు స్కూలు లైబ్రరీ ఉద్యోగం, అందుకని తనే నడుపుకుంటూ పోయి వస్తాడు. వచ్చేటప్పుడు ఎంత నీరసంగా ఉన్నా, వరండా ముందు బండి ఆపి తాళాలు ఊపుకుంటూ లోపలికొస్తాడు చూడు, అప్పుడు మాత్రం ముప్పై ఏళ్లు ఈ ఊరి రోడ్ల మీద మంచు తీసిన లార్న్ లాగే ఉంటాడు. ఆసుపత్రి వాళ్ల వ్యాన్ మా ఊరిదాకా రాదు. అడిగాను, రాదన్నారు. కాబట్టి ఆ బండి ఆగితే ఏమవుతుందో నేను ఇక్కడ రాయక్కర్లేదు.

ఆపరేషన్‌లో గొంతు తీసేశాక నువ్వు ఫోను కూడా తీయించేశావు. సరే, నీకు కాగితమే ఇష్టమనుకుంటాను. త్వరగా రాయి.

నీ
డారియా

—

డౌఫిన్, మానిటోబా
అక్టోబరు 15

డారూ,

రెండు పేజీలు రాశావు. నూనె చూశానని ఒక్క ముక్క లేదు. యూనివర్సిటీలో మీ అమ్మ నిన్ను చదివించింది ఇందుకేనా?

ఆటోమేటిక్‌లో సగం జబ్బులు నూనెలోనే కనపడతాయి. ఇంజన్ నూనె చూసినట్టు బండి ఆపేసి చూడకు, ఆపితే అబద్ధం చెబుతుంది. ఓ పది మైళ్లు నడుపు. చదునైన చోట నిలబెట్టు. ఇంజన్ తిరుగుతుండగానే గేరు కర్రని ఒక్కో స్థానంలో కాసేపు ఉంచి, మళ్లీ పార్కులోకి తీసుకురా. అప్పుడు నూనె కొలిచే కడ్డీ లాగి, తెల్ల కాగితం మీద తుడిచి, పగటి వెలుగులో చూడు. ఎర్రగా ఉందా, గోధుమ రంగా, నలుపా? వాసన చూడు. మాడిన రొట్టెలా ఉందా? నాకిప్పుడు మెడలో కన్నంలోంచి ఊపిరి, ముక్కు ఉత్త అలంకారం. అందుకని నీ ముక్కు అప్పివ్వాలి.

రేడియేటర్ మూత తీసి నీళ్లు కూడా చూడు. చల్లారాకే సుమా. తగ్గుతుంటే, బండి కింద తడి ఉందో లేదో చూడు.

నూనె ఎంత మురికిగా ఉన్నా, నేను చెప్పేదాకా మార్చకు. ముసలి గేరుబాక్సుకి ఒక్కోసారి ఆ మురికే పట్టు.

నేనే వచ్చేవాణ్ణి. చలిగాలి తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతుందని ఇక్కడి డాక్టరు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా గడప దాటనివ్వనంటోంది. పొట్టి మనిషి, గట్టి పిడికిలి. మాట వింటున్నాను.

లార్న్ ఎలా తింటున్నాడో రాయలేదు.

ఒరెస్ట్

—

బర్చ్‌వేల్
నవంబరు 3

మామయ్యా,

చెప్పినట్టే చేశాను. చేశాక కాగితం వైపు చూసి, నేనేదో తప్పు కడ్డీ లాగాననుకుని మళ్లీ చేశాను. తప్పేం కాదు. నూనె ఎర్రగా లేదు, గోధుమగా లేదు, నల్లగా లేదు. స్కూల్లో పిల్లలు తాగే స్ట్రాబెర్రీ పాలలా ఉంది. లేత గులాబీ రంగు, పైన నురగ. మాడు వాసన లేదు. తియ్యటి వాసన, కొద్దిగా.

రేడియేటర్‌లో నీళ్లు చాలా తగ్గాయి. బండి కింద గచ్చు మాత్రం పొడిగా ఉంది.

లార్న్ పక్కనే నిలబడి అంతా చూశాడు. రేడియేటర్ లోపలే ఒక గొట్టంలో గేరు నూనె పారుతుందని, చుట్టూ ఉన్న నీళ్లు దాన్ని చల్లబరుస్తాయని, మధ్యలో ఉన్నది పల్చటి గోడేనని నాకు చెప్పింది తనే. “నా సంగతీ అంతేగా. ఆసుపత్రి మిషన్‌లో గోడకి ఇటు నా రక్తం, అటు వాళ్ల నీళ్లు. రెండూ కలవకుండా ఉన్నంతసేపూ నేను మనిషిని” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. తర్వాత వంటింట్లో చాలాసేపు నిలబడ్డాను, ఎందుకు వెళ్లానో గుర్తురాక.

తిండి గురించి అడిగావు. ఉప్పు లేకుండా, బంగాళాదుంపలు రెండుసార్లు ఉడికించి నీళ్లు పారబోసి, తాగే నీళ్లు కొలిచి. ఆ దుంపలే పిండిలో కూరి పెరోగీలు చేస్తే రెండు తింటాడు. మూడోది పళ్లెంలో నావైపు జరుపుతాడు.

ఇది బాగవుతుందా? ఉన్నదున్నట్టు రాయి. నన్ను ఊరడించకు. ఊరడిస్తే నాకు తెలిసిపోతుంది, ఆపైన నువ్వు రాసిన మిగతాదీ నమ్మలేను.

డారియా

—

డౌఫిన్
నవంబరు 9

డారూ,

ఉన్నదున్నట్టు కావాలన్నావు, ఇదిగో.

లోపల గోడ చిల్లిపడింది. నీళ్లు నూనెలోకి వచ్చాయి. గేరుబాక్సులో పలకలుంటాయి, వాటి మీద గరుకు కాగితం లాంటిది జిగురుతో అంటించి ఉంటుంది. ఆ జిగురుకి నీళ్లు పడవు. ఊడటం మొదలైతే ఇక వెనక్కి రాదు. ఇప్పుడు నూనె మార్చితే వారమో, నెలో హాయిగా నడుస్తుంది. బాగైపోయిందని అందరూ సంతోషిస్తారు. తర్వాత ఏదో ఒక రోజు ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, బండి కదలదు. నలభై ఏళ్లు ఇదే పని చేశాను. గులాబీ రంగు నూనె వచ్చినవాటిలో ఒక్కటీ నిలబడలేదు. దాని మీద శ్రమ పెట్టకు. జాలీ పడకు. దానికి అయిపోయింది.

ఈ బండితో లార్న్‌ని హైవే ఎక్కనివ్వకు. చలికాలంలో, మధ్యలో ఆగితే మనిషి మిగలడు.

ఇప్పుడు చేయాల్సింది: మా షెడ్డులో అదే రకం గేరుబాక్సు ఒకటుంది. నాకోసమని దాచుకున్నాను, ఇంక నేనెక్కడికి పోతాను? విప్పి, పలకలు కొత్తవి వేసి కడతాను. చేతులు వణుకుతున్నాయి కాబట్టి టైము పడుతుంది. ఈలోగా నువ్వు రేడియేటర్ మార్చించు. బాక్సు కంటే ముందు రేడియేటర్. గోడ మార్చకుండా బాక్సు మారిస్తే, దీన్ని కూడా అదే చంపుతుంది.

నీ పక్క పొలం వాల్టర్‌కి వెచ్చటి షెడ్డు ఉందిగా, అతనికి చెప్పు.

ఒరెస్ట్

—

బర్చ్‌వేల్
డిసెంబరు 12

మామయ్యా,

నీ ఉత్తరం నేను స్కూలు నుంచి వచ్చేసరికే లార్న్ విప్పి చదివేశాడు. నీ ఉత్తరాలు మేమిద్దరం చదువుకుంటాం, అది మామూలే. ఈసారి మాత్రం భోజనాల దగ్గర గట్టిగా చదివి వినిపించాడు, ‘దానికి అయిపోయింది’ అన్న పేరా రెండుసార్లు. “చూశావా, ఒరెస్ట్ ఎంత శుభ్రంగా చెప్పాడో. సాస్కటూన్‌లో నాకెవరూ ఇలా చెప్పరు. చూద్దాం లార్న్, చూద్దాం లార్న్, అంతే” అన్నాడు. నేను గిన్నెలు తీశాను. నువ్వు రాసింది బండి గురించి అని గుర్తు చేయాలనిపించింది. అలా గుర్తు చేస్తే, గుర్తు చేయాల్సిన అవసరం ఉందని ఒప్పుకున్నట్టవుతుంది కదా, అందుకని ఊరుకున్నాను.

నీ మీద కోపం లేదు. నిజం రాయమన్నది నేనే.

నువ్వు చెప్పిన రోజు నుంచి బండి కదలలేదు. శనివారాలు మా హెడ్మిస్ట్రెస్ తన కారు ఇస్తోంది, నేను తీసుకెళుతున్నాను. మంగళ, గురువారాలు వాల్టర్ తీసుకెళుతున్నాడు. ఆ ఏర్పాటు లార్న్, వాల్టర్ మాట్లాడుకుని చేసుకున్నారు. నన్ను దూరనివ్వలేదు, అదే మంచిదనుకున్నాను. ఎవరి బండిలోనైనా పక్క సీట్లో కూర్చోవడం లార్న్‌కి ఎంత కష్టమో నీకు తెలుసు. ఆ రెండు రోజులూ ఇద్దరికీ డబ్బాల్లో పెరోగీలు కట్టి బల్ల మీద పెట్టి స్కూలుకి పోతాను. సాయంత్రానికి రెండూ ఖాళీగా ఉంటాయి. వాల్టర్‌కి ఫోన్ చేసి, ఇంత చేస్తున్నావు, ఎలా చెప్పుకోను అన్నాను. “ఛ, దానికేముంది” అని, మంచు ఎంత పడిందో చెప్పి పెట్టేశాడు. ఇక్కడి మగాళ్లకి కృతజ్ఞత చెప్పడం, కోడిని పట్టుకోబోవడం ఒకటే.

బండిని ట్రక్కుతో లాక్కెళ్లి రేడియేటర్ వాల్టర్ షెడ్డులో మార్చాం. పాతదాన్ని నేనే విప్పాను. నాలుగు మరలు, రెండు గొట్టాలు, అంతే. కొత్తది పెట్టి బిగించాక వేళ్లు మొద్దుబారి ఉన్నాయి, అయినా చాలా రోజుల తర్వాత ఆకలేసింది. ఒక పని మొదలుపెడితే అది పూర్తయ్యేది ఈ మధ్య నా జీవితంలో ఇదొక్కటే.

లార్న్ చీలమండలు వాచాయి. రాత్రి పడుకుంటే ఆయాసం, కుర్చీలోనే నిద్రపోతున్నాడు. చలికాలం మామూలే అంటాడు. శనివారం తనని ఆసుపత్రి గుమ్మం దగ్గరే దించేసి నన్ను బజారు పని చూసుకోమంటాడు, లోపలికి రానివ్వడు. నర్సులతో మాట్లాడాలని ఉంటుంది. మాట్లాడితే తనని నమ్మనట్టు ఉంటుందని ఆగిపోతాను. ఇలా ఆగిపోవడం మర్యాదో, భయమో నాకే తెలియదు.

బాక్సు ఎంతవరకు వచ్చింది?

డారియా

—

డౌఫిన్
జనవరి 3

డారూ,

బాక్సు అయింది. బల్ల మీద పెట్టి చేత్తో తిప్పి చూశాను, వెన్నలా తిరుగుతోంది. వచ్చే గురువారం వాల్టర్‌ని ట్రక్కు తీసుకుని రమ్మన్నాను, ఉత్తరం రాస్తే వస్తానని జవాబు రాశాడు. ఆ రోజు లార్న్‌కి ఇంకెవరినైనా చూడు.

ఏడో తేదీన మన పాత క్యాలెండరు క్రిస్మస్‌కి గోధుమ పాయసం ఉప్పు లేకుండానే వండుతారుగా, అది పెట్టు వాడికి. తేనె తక్కువ వెయ్యి.

చీలమండలు నాకు నచ్చలేదు.

ఒరెస్ట్

—

డౌఫిన్
జనవరి 10, గురువారం సాయంత్రం

డారూ,

ఈపాటికి నువ్వు ఇంట్లో ఉంటావు. మా పక్కింటి నాడియా చేత నీ స్కూలుకి ఫోన్ చేయించింది నేనే. “వెంటనే ఇంటికి వెళ్లు, లార్న్‌ని ఆసుపత్రికి తీసుకెళ్లు” అని మాత్రం చెప్పించాను. ఇంకోళ్ల గొంతుతో అంతకంటే ఎక్కువ చెప్పించలేకపోయాను. మిగతాది ఇది.

వాల్టర్ మధ్యాహ్నం వచ్చాడు. బాక్సు ట్రక్కులోకి ఎక్కించాం. టీ ఇచ్చాను. నా పలక మీద రాశాను: ఈ రోజు లార్న్‌ని ఎవరు తీసుకెళ్లారు?

“వ్యాన్ వస్తోందిగా” అన్నాడు.

ఏ వ్యాన్ అని రాశాను.

“ఆసుపత్రి వాళ్లది. మంగళ, గురువారాలు ఇంటిదాకా వస్తోందట. నేను తీసుకెళతానని నవంబరులో అడిగితే అక్కర్లేదు, ఏర్పాటైందన్నాడు లార్న్. మళ్లీ అడగలేదు.”

మీ ఊరికి వ్యాన్ రాదని నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు. వాల్టర్ తీసుకెళుతున్నాడని డిసెంబరులో రాశావు. రెండు ఉత్తరాలూ తెచ్చి వాల్టర్ ముందు పెట్టాను. అతను చదవడం నెమ్మది, కానీ చదివాడు. కప్పు కింద పెట్టి, “నేను రెండోసారి అడగలేదు ఒరెస్ట్” అన్నాడు. ఆ మాటే మళ్లీ అన్నాడు.  ట్రక్కు వెనక్కి తిప్పుకుని, టీ తాగకుండా వెళ్లిపోయాడు.

నవంబరు నుంచి వాడు వారానికి ఒక్కసారే వెళుతున్నాడు డారూ. నువ్వు తీసుకెళ్లిన శనివారాలు. ఆ ఒక్కటే.

నాడియా ఇంటికి వెళ్లే ముందు కాసేపు కుర్చీలో కూర్చున్నాను. అది వాడి ఇష్టమేమో, మధ్యలో నేనెవర్నని. నాకూ ఒకప్పుడు చాలనిపించింది. కానీ నీకు తెలియకుండా జరగకూడదు. వాడు ఏం తేల్చుకున్నా నీ ముందు తేల్చుకోవాలి. అంతవరకే నా పెద్దరికం.

నా ఉత్తరంలో వాడు రెండుసార్లు చదివిన పేరా నేను బండికే రాశాను. అది వాడికి చెప్పు. వాడికి తెలుసు, అయినా చెప్పు.

ఒరెస్ట్

—

బర్చ్‌వేల్
ఫిబ్రవరి 1

మామయ్యా,

ఇన్నాళ్లూ రాయనందుకు ఏమీ అనుకోవని తెలుసు.

నాడియా ఫోన్ చేసిన రోజు నేను ఇంటికొచ్చేసరికి లార్న్ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. రెండు డబ్బాలూ కడిగి బోర్లించి ఉన్నాయి. మా కుక్క ఆయన కాళ్ల దగ్గర పడుకుని ఉంది, రెండు నెలల పెరోగీలు తిని పీపాలా. నన్ను చూసి, “ఒరెస్టా?” అన్నాడు. అవునన్నాను. “ముసలాడు అందనంత దూరంలో ఉన్నా పట్టేస్తాడు” అన్నాడు. దాదాపు మెచ్చుకోలుగా.

అంబులెన్సులో తీసుకెళ్లారు. మంగళ, గురువారాలు ఇక రానని అక్కడ తనే ఎప్పుడో చెప్పేశాడట. గుండె చుట్టూ నీరు చేరింది. మూడు రోజులు వరసగా మిషన్ మీద ఉంచాక మనిషి తేరుకున్నాడు, రంగు కూడా వచ్చింది. మళ్లీ వారానికి మూడుసార్లు వస్తే నడుస్తుందన్నారు. ఎన్నాళ్లు అని లార్న్ అడిగాడు. చూద్దాం అన్నారు. “చూడక్కర్లేదు, ఇంటికి పంపండి” అన్నాడు. తెలివిలో ఉండే అన్నాడు, వాళ్లు రెండుసార్లు పరీక్షించుకున్నారు. నేను కూడా నా వంతు పరీక్షించాను. నడవాలో అందరూ వినేలా అరిచాను. యూనివర్సిటీలో చదివిన మీ అక్క కూతురు అలా అరుస్తుందని నువ్వు నమ్మవు.

నాతో ఒక్క ముక్కైనా ఎందుకు చెప్పలేదని అడిగాను. దుప్పటి అంచు సవరించుకున్నాడు. తర్వాత అన్నాడు: “నువ్వు రేడియేటర్ విప్పుకుంటున్నావు డారియా. వేళ్లకి నూనెతో ఇంటికొచ్చి కూర్చుని తింటున్నావు. చెబితే అది కూడా మానేస్తావు.”

 నేను బండి బాగుచేస్తున్నది ఆయన కోసం. ఆయన నన్ను బాగుచేయనిచ్చింది నా కోసం. ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర. ఇది ప్రేమో, మోసమో, రెండిటికీ మధ్య అసలు గోడంటూ ఉంటుందో లేదో, రాత్రంతా ఆయన ఊపిరి వింటూ అదే ఆలోచన. మిషన్ మాన్పించి ఇంటికి తీసుకురావడానికి ఒప్పుకున్నది ఆయన మీద గౌరవంతోనా, నేను అలిసిపోయా? పొద్దున్న ఒకలా అనిపిస్తుంది, సాయంత్రం ఇంకోలా.

నీ మాట చెప్పాను, ఆ పేరా బండికి రాసిందని. “తెలుసు. బాగా రాశాడు” అన్నాడు.

వాల్టర్ బాక్సు ఎక్కించాడు. మొత్తం ఆ వారమంతా తనొక్కడే చేశాడు, నన్ను స్పానరు కూడా పట్టనివ్వలేదు. అయిపోయాక తాళాలు లార్న్ చేతిలో పెట్టాడు. “ఇంకోసారి అడగాల్సింది” అన్నాడు. “అడిగినా అదే చెప్పేవాణ్ణి” అన్నాడు లార్న్. తర్వాత ఇద్దరూ గోధుమ ధర గురించి మాట్లాడుకున్నారు.

నిన్న మధ్యాహ్నం ఎండ కాసింది. బండిలో తిప్పమన్నాడు. కోటు, దుప్పటి చుట్టి పక్క సీట్లో కూర్చోబెట్టాను. నీ బాక్సు ఎలా ఉందో రాయాలి నీకు. గేర్లు ఎప్పుడు మారాయో నాకు తెలియలేదు. చెవి పెట్టి విన్నా తెలియలేదు. దిగాక నువ్వు చెప్పినట్టే ఇంజన్ తిరుగుతుండగా కడ్డీ లాగి చూశాను. ఎర్రగా, పల్చగా, చెర్రీ రసంలా ఉంది. అలాంటి నూనెని చూసి మంచులో నిలబడి ఏడ్చాను.

అంతకుముందు జరిగింది ఇది. పెద్ద రోడ్డు కలిసే చోట ఆపాను. ఎడమకి తిరిగితే సాస్కటూన్ ఆసుపత్రి, కుడికి తిరిగితే నీ ఊరు. నేను ఎడమ ఇండికేటర్ వేశాను. చేయి దానంతటదే వేసిందని రాద్దామనుకున్నాను, కానీ అలా కాదు, తెలిసే వేశాను. అది కొట్టుకుంటూనే ఉంది. లార్న్ నావైపు చూడలేదు. రోడ్డు మీద మంచు ఎవరో సరిగా తీయలేదని, అంచున గట్లు వదిలేశారని అన్నాడు. ఒక ట్రక్కు పోయింది, ఇంకొకటి పోయింది. అప్పుడు దుప్పటిలోంచి చేయి బయటికి తీసి, నా చేతి మీదుగా చాచి, ఇండికేటర్ ఆపేశాడు.

“కుడికి పో. ఒరెస్ట్‌ని తీసుకురా” అన్నాడు.

ఇప్పుడు కాదని, ముందు ఇంటికి తీసుకెళ్లి పడుకోబెట్టాను. సోమవారం వాల్టర్ వచ్చి ఆయన దగ్గర కూర్చుంటానన్నాడు. నేను తెల్లవారగానే బయలుదేరి వస్తాను, ఈ ఉత్తరం ఆలస్యమైతే అని నాడియాకి ఫోన్‌లో కూడా చెప్పాను. మీరిద్దరూ ఏం మాట్లాడుకుంటారో నాకు తెలియదు. ఒకరికి గొంతు లేదు, ఒకరికి ఊపిరి చాలదు. అయినా నిన్నే అడుగుతున్నాడు. మీ డాక్టరమ్మ వద్దంటుందని తెలుసు. నేను కూడా వద్దనాల్సిందే. అనలేకపోతున్నాను.

మెడకి రెండు కండువాలు చుట్టుకో. తలుపు దగ్గరే ఉండు. హీటరు వేసి వేడిగా ఉంచుతాను, గుమ్మం దాకా తెస్తాను. ఇంజన్ ఆపను.

డారియా